పుట్టినరోజు ఉండలు



పుట్టినరోజున బడిలో పిల్లలందరికీ ఏదో ఒకటి పంచాలంటారు. తాపేశ్వరం కాజా మనకు దగ్గరే. కానీ 40 మందికి కొనాలంటే కూలి డబ్బులు చాలవు. ఒకరు పెద్ద చాక్లెట్లు పంచితే ఇంకొకరి పిల్లకి నామోషీ. ఒక పిల్ల పుట్టినరోజు నాడే బడి మానేసింది! అమ్మ చేతిలో డబ్బుల్లేవు, అంతే.

మన ద్రాక్షారామంలో కొబ్బరికాయలకు కరువా? కొబ్బరి కోరి, బెల్లం పాకంలో వేసి, దగ్గరపడేదాకా కలపండి. చిన్న ఉండలు చుట్టండి. మనిషికి ఒకటి చాలు. బెల్లం ఉండ తక్కువదా? 2020లో సర్కారు బడి భోజనంలో వేరుశెనగ చిక్కీ చేరింది. పిల్లలకు అదంటే ఇష్టమే.

ఏది చేసినా ముందు టీచరుకి చెప్పండి. కొందరికి వేరుశెనగ పడదు. దద్దుర్లు వస్తాయి, ఒక్కోసారి ఊపిరాడదు.

ఏమీ కుదరకపోతే పిల్లను ఉత్తచేతులతోనే పంపండి. మేం చప్పట్లు కొడతాం, పాట పాడతాం.