మన దాపున నున్న విమానాశ్రయము



గాండ్లపెంటనుండి కదిరి మీదుగా పుట్టపర్తికి పోయినవారు అచటి విమానాశ్రయమును చూచియే యుందురు. నేడు దాని పూర్వోత్తరములను మనవి చేసెదను.

రాయలసీమకు విమానము క్రొత్త కాదు. 1932 అక్టోబరు 15న కరాచీనుండి బయలుదేరిన టాటావారి విమానపు టపా బొంబాయి, బళ్లారి మీదుగా మద్రాసు చేరినది.

పుట్టపర్తి విమానాశ్రయమును శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టువారు నిర్మింపజేసిరి. 1990 నవంబరు 24న అది ప్రారంభమయ్యెను. మొదట దాని పరుగుబాట 1000 మీటర్లు. పెద్ద విమానములు దిగుటకై పిదప 2230 మీటర్లకు పెంచిరి. అంత పొడవేల? బరువు హెచ్చిన కొలది, విమానము లేచుటకు హెచ్చు వేగము కావలెను. ఆ వేగమునకు దీర్ఘమైన బాట కావలెను. పైగా మనది మెట్టసీమ, ఎండ మెండు. అట్టిచోట గాలి పలుచనై రెక్కలకు బలము తగ్గును.

కొన్నేండ్లు మహానగరములనుండి వేళ ప్రకారము విమానములు వచ్చినవి, తరువాత నిలిచినవి. 2008లో బెంగుళూరు చెంత దేవనహళ్లిలో గొప్ప విమానాశ్రయము వెలసెను. ప్రయాణికులందఱు అటే మరలిరి. ఆయకట్టు లేని చెరువున కట్ట యెంత గట్టిదైన నేమి ఫలము?

నాయొద్ద చదివిన బాలుడొకడు కువైటున నుండగా తండ్రి గతించెను. అతడు దేవనహళ్లిలో దిగి, కారులో ఊరు చేరుసరికి చితి చల్లారినది. కువైటు విమానము పుట్టపర్తికే రావలెనని నేననను. హైదరాబాదునుండి దినమున కొక చిన్న విమానమున్నను అట్టివారికి, రోగులకు కొన్ని గడియలు కలిసివచ్చును.

ఇది దురాశ కాదు. కడప విమానాశ్రయమును చూడుడు. చిరకాలము నిరుపయోగమై యుండి, 2015 జూన్ 7న మరల తెఱవబడెను. 2017 ఏప్రిల్ 27న, ప్రభుత్వపు ఉడాన్ పథకమున మొదట నడచిన విమానములలో కడప–హైదరాబాదు విమాన మొకటి. చిన్న ఊళ్లకు నడపువారి నష్టమును కొంత ప్రభుత్వము భరించుటయే ఆ పథకపు కీలకము.

కావున పెద్దలారా, మీ గ్రామమునుండి ఏటేట ఎవరెవరు, ఎచటికి, ఎన్నిమార్లు విమానమెక్కుచున్నారో లెక్క వ్రాయింపుడు. వట్టి విన్నపముకంటె లెక్కతోడి విన్నపము బలవత్తరము. బాట సిద్ధముగనే యున్నది. నడచువారున్నారని మనము చూపవలెను.