పిసకకూడని పిండి

వాక్యభాగము: యెషయా 28:23–29

బైబిలు దగ్గరున్నవారు యెషయా గ్రంథము 28వ అధ్యాయము తెరచి ఉంచండి. అయితే నేటి ధ్యానానికి నేను వంటింటి దారిన వస్తున్నాను. సహోదరులు రేడియో కట్టేయవద్దు, మీతో కూడా పని ఉంది.

'ఆపిల్ పై' అనే మాట మీలో కొందరు వినే ఉంటారు. 'పై' అంటే మన భాషలో 'మీద' అని అర్థం గాని, ఇంగ్లీషువారికి అదొక వంటకం. మైదాపిండి రొట్టెను లోతు పళ్లెంలో పరచి, దానిలో తరిగిన పండ్లు, పంచదార, దాల్చినచెక్క పొడి నింపి, పైన ఇంకొక రొట్టె కప్పి ఓవెన్‌లో కాల్చుతారు. నూనెలో వేయించని పెద్ద కజ్జికాయ అనుకోండి. ఇంగ్లాండులో 14వ శతాబ్దము నాటికే ఇది ఉంది. 1796లో అమీలియా సిమ్మన్స్ అనే ఆమె అమెరికాలో అచ్చువేయించిన వంటల పుస్తకములోనూ ఉంది. నవంబరు నాలుగవ గురువారము వారు చేసుకొనే కృతజ్ఞతల పండుగలో చాలా ఇళ్ల బల్లల మీద ఏదో ఒక పై కనబడుతుంది.

మా సంఘములో ఒక అమ్మగారు, అరవై దాటినామె, కూతురి కాన్పుకని ఆ దేశం వెళ్లి ఆరు నెలలున్నారు. పక్కింటి పెద్దావిడ దగ్గర ఈ వంటకం నేర్చుకోబోయారు. నలభై ఏళ్లుగా చపాతీలు చేసిన చేయి కదా, పిండి గిన్నెలో పడగానే పది నిమిషాలు బాగా పిసికారట. కాల్చి బయటకు తీస్తే పైరొట్టె అట్టముక్కలా తయారైంది, కత్తికి కూడా లొంగలేదు. అల్లుడు మర్యాదకు లోపలి పండు మాత్రం తిన్నాడు.

పక్కింటావిడ రెండవసారి దగ్గరుండి చేయించింది. కొలతలు చెబుతాను, రాసుకొనేవారు రాసుకోండి. మైదా 300 గ్రాములు, ఫ్రిజ్‌లోనుండి అప్పుడే తీసిన గట్టి వెన్న 225 గ్రాములు, ఒక చిన్న చెంచా ఉప్పు. వెన్నను ముక్కలు చేసి వేళ్ల కొసలతో పిండిలో నలపాలి. పూర్తిగా కలిసిపోకూడదు, బఠాణీ గింజలంత ముక్కలు కనబడుతూ ఉండాలి. తరువాత ఐసు నీళ్లు ఒక్కొక్క పెద్ద చెంచా చొప్పున ఆరో, ఎనిమిదో. పిండి ముద్దగా నిలిచిందా, అంతే, చేయి తీసేయాలి. ఇంకాస్త పిసుకుదామని మనసు లాగుతుంది. అక్కడే ఆగాలి. రెండు ముద్దలు చేసి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచాలి. మన ఎండాకాలంలో అయితే చేసే మధ్యలో కూడా లోపల పెట్టి తీయవలసిందే.

ఎందుకిలా? గోధుమపిండికి ఒక గుణముంది. నీళ్లు తగిలి చేయి పడేకొద్దీ అది జిగురు పట్టి సాగుతుంది. చపాతీకి కావలసింది అదే. కాని ఈ పిండికి ఆ జిగురు ఎక్కువైతే రొట్టె బిగుసుకుపోతుంది, పళ్లెంలో ముడుచుకుపోతుంది. నలగకుండా మిగిలిన వెన్న ముక్కలు ఓవెన్ వేడికి కరిగి, వాటిలోని నీరు ఆవిరై రొట్టెను పొరలు పొరలుగా లేపుతుంది. మొదట 220 డిగ్రీల వేడిలో 20 నిమిషాలు, తరువాత 190కి తగ్గించి మరో 40, 45 నిమిషాలు. పైరొట్టెకు పెట్టిన గాట్లలోనుండి పండ్ల రసం బుడగలు కట్టి ఉడకడం కనబడాలి. తీసిన తరువాత మూడు నాలుగు గంటలు ముట్టుకోకూడదు. వేడి మీద కోస్తే రసమంతా కారిపోతుంది.

ఇప్పుడు యెషయా దగ్గరకు రండి. ప్రవక్త ఒక రైతును చూపిస్తున్నాడు. ఆ రైతు జీలకర్ర మీద బండిచక్రము తోలడు, చిన్న కర్రతో తట్టి గింజలు రాలుస్తాడు. రొట్టెకు కావలసిన ధాన్యము మీద చక్రము నడుపుతాడు గాని, దానిని కూడా ఆగకుండా తొక్కిస్తూ ఉండడు. ఈ వివేకము ఆ రైతుకు ఎవరు నేర్పారు? దేవుడే నేర్పాడని ప్రవక్త చెబుతున్నాడు. ఈ మాటలు విన్నది శిక్ష ఎదుట నిలిచిన యెరూషలేము, ఆ సంగతి మరువవద్దు. దేవుడు నూర్చుతాడు, నిజమే. కాని ఏ గింజ మీద ఎంత బరువు వేయాలో ఎరిగి నూర్చుతాడు.

క్రమశిక్షణ వద్దని నేను చెప్పడం లేదు. చపాతీ పిండిని పిసకకపోతే చపాతీ కాదు. ఏది ఏ పిండో చూడకుండా అందరి మీద ఒకే చేయి వేస్తున్నామే, దానిని గూర్చి చెబుతున్నాను. సంఘములోనూ ఇదే జరుగుతోంది. మొన్న బాప్తిస్మము పొందిన సహోదరిని ఈ ఆదివారమే గాజుల గురించి, దశమభాగము గురించి నిలదీస్తాము. ఆమె మూడవ నెలలో కనబడదు. లోకము లాగేసింది అంటాము. లోకమేనా?

ఆ అమ్మగారు తిరిగివచ్చాక నాకొక మాట చెప్పారు. ఆ గట్టి రొట్టెను చూసినప్పుడు తన చిన్న కుమారుడు గుర్తుకొచ్చాడట. చదువుకొనే రోజుల్లో ప్రతి రాత్రి భోజనం దగ్గర మార్కుల లెక్కే. అతడు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లి నాలుగేళ్లుగా ఇంటికి రాలేదు. ఆమె ఆ రాత్రే ఫోను చేశారు. ఉద్యోగమెలా ఉంది, పెళ్లి మాటేమిటి, గుడికి వెళ్తున్నావా, ఇవేవీ అడగలేదు. తిన్నావా నాన్నా అని మాత్రం అడిగి పెట్టేశారు. అతడింకా రాలేదు. కాని ఇప్పుడు ఆదివారాలు తానే ఫోను చేస్తున్నాడు.

తండ్రులారా, మీతో పని ఉందన్నాను. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాత కొన్ని రోజుల్లోనే ఇరవైమంది వరకు బిడ్డలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలలో చదివాము. ఆ తల్లిదండ్రుల మీద నింద వేయడానికి నేనెవరిని? వారి దుఃఖము దేవునికే తెలుసు. అయితే మన ఇంట్లో కూడా ఫలితాల రోజు వస్తుంది. యాకోబు ఏశావుతో ఏమన్నాడో ఆదికాండము 33వ అధ్యాయములో చూడండి. ఒక్క దినము వడిగా తోలితే మంద చచ్చిపోతుందని, పిల్లల నడకకు తగినట్టు మెల్లగా వస్తానని చెప్పాడు. పేరు పొందిన పెనుగులాటగాడు, పసిపిల్లల వెనుక నడిచాడు.

ఆ రోజు మీ బిడ్డ గది తలుపు వేసుకొంటే, తలుపు తట్టి అన్నం పెట్టండి. పక్కింటివారి అబ్బాయి మార్కులు ఎత్తవద్దు. బిడ్డ బ్రదకాలని లేదన్న మాట ఒక్కసారి అన్నా తేలికగా తీసుకోవద్దు, ఒంటరిగా వదలవద్దు. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ వారు ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడతారు. ప్రార్థన చేసేవారు ఫోను చేయకూడదని బైబిలులో ఎక్కడా లేదు.

ప్రార్థన చేసుకొందాము. పరలోకపు తండ్రీ, తలుపు వేసుకొని ఒంటరిగా కూర్చున్న ప్రతి బిడ్డను నీవు చూస్తున్నావు. ఆ తలుపు బయట నిలిచిన తల్లికి, తండ్రికి మెత్తని చేయి, తగ్గిన స్వరము దయచేయుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.