చెన్నపురి పయనమున బస: నగరమా, శాఖానగరమా?

(వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



విద్యావ్యాప్తిని గూర్చియు, సంఘనిధిని గూర్చియు పెద్దలు ప్రసంగించిన యీ వేదికపై, పయనమున బస యెచటఁ జేయవలెనను చిన్నవిషయమును మేము చేపట్టుట కొందఱకు వింతగాఁ దోఁపవచ్చును. కాని చెన్నపురిలో మనవారికొక సత్రము కట్టింపవలెనని కార్యనిర్వాహకవర్గమువారు తలపెట్టియున్నారు. అందులకు రెండు స్థలములు పరిశీలనలో నున్నవి. ఒకటి జార్జిటవునులో, సరకుకొట్ల నడుమ. ఇఱుకైనది, వెల హెచ్చు. రెండవది తాంబరమునకు నావల. విశాలమైనది, వెల తక్కువ. పోషకుల ధనము రెంటిలో నేదో యొకదానికి వ్యయము కాఁబోవుచున్నది. కావున నీ చర్చ వట్టి కాలక్షేపము కాదు.

నగరపుఁ బొలిమేరలందలి పేటలకు సంస్కృతమున నొక మంచిమాట కలదు. మూలనగరముకంటె వేఱైన పురమును అమరసింహుఁడు శాఖానగరమనినాఁడు. ఆ వెంటనే యతఁడు పేర్కొనిన వాడ యేదియో అమరము చదివినవారెఱుఁగుదురు. దానితో మనకుఁ బనిలేదు. దాని పిదప నంగడి వచ్చును. శాఖ యనఁగాఁ గొమ్మ. మొదలునంటియున్నంతవఱకే కొమ్మ పచ్చగా నుండును. చెన్నపురి కొమ్మలను మొదలుతో నంటించి యుంచినది రైలుమార్గము. బీచి స్టేషనునుండి తాంబరము దాఁక 1931లో విద్యుచ్ఛక్తిబండ్లు నడువఁ దొడఁగెను. ఆ దారి పొడవునఁ బేటలు పెరిగినవి. మాంబళము ప్రక్కనున్న త్యాగరాయనగరము 1920 తరువాతి సంవత్సరములలోఁ జెఱువు పూడ్చి కట్టిన పేట. మన తెలుఁగువాఁడైన పిట్టి త్యాగరాయసెట్టి పేరు దానికి నిలిచినది. దాని నడుమనున్న తోఁటకు పానుగల్లు రాజావారి పేరు. నాఁటి శాఖానగరము నేఁడు నగరపు నడిబొడ్డు.

మన సంఘీయులలోఁ జెన్నపురికిఁ బోవువారెవరు? సరకు కొనుటకో, బాకీలు వసూలు చేసికొనుటకో, క్రొత్త ఏజెన్సీ మాటలాడుటకో పోవువారే పెక్కుమంది. ఐనను వీరొంటరిగాఁ బోవుట యిటీవలఁ దగ్గినది. పిల్లలకు సెలవులని, తల్లి కపాలీశ్వరుని దర్శింపఁగోరినదని, ఇల్లాలు కంచిపట్టు చూడవలెననినదని యిల్లంతయు బయలుదేఱును. విజయవాడనుండి యించుమించు 430 కిలోమీటరులు. రాత్రి రైలెక్కినచోఁ దెల్లవాఱునప్పటికి సెంట్రలు స్టేషను. యాత్ర యొకటి, ప్రయోజనములు రెండు. బస నిర్ణయించువాఁడు మాత్రము వ్యాపారి యొక్కఁడే. అతఁడు తన పనికి దగ్గఱ యైనచోటే చూచుకొనును. మా వాదమంతయు నిచ్చటనే యున్నది. పగలెల్ల కొట్లవెంటఁ దిరుగువానికి బస రాత్రి పండుకొనుటకే కదా! పగలెల్ల బసలో నుండువారు వేఱు.

మా యెఱుకలోని వర్తకుఁడొకఁడు తల్లిని వెంటఁబెట్టుకొని పోయి, సరకుకొట్ల సందులోని యొక బసలో మూఁడవ యంతస్తున దిగెను. గది శుభ్రమైనదే, కిరాయియుఁ దగుమాత్రమే. ఆమెకు మోఁకాళ్లనొప్పులు. దిగినచో నెక్కలేదు, ఎక్కినచో దిగలేదు. కిటికీ తెఱచిన మూటలు దింపు కూలీల కేకలు, బండ్ల రొద, మూసిన నుక్క. నాలుగుదినము లట్లే గడచెను. ఇంటికి వచ్చిన పిదప నిరుగుపొరుగు స్త్రీలు "చెన్నపట్నములో నేమేమి చూచితివి వదినా?" యని యడుగఁగా, ఆమె "మెట్లు చూచితినమ్మా" అనెనఁట. కుమారుఁడు మంచివాఁడే. సరకుకూడ లాభమునకే కొన్నాఁడు.

అట్లైన శాఖానగరమే మేలని తాంబరముపక్షమువా రప్పుడే సంతోషింపవలదు. గది కిరాయి గదికింతయని. ప్రయాణపు వెచ్చము తలకింతయని. ఐదుగురు మనుష్యులు నాలుగుదినములు దినమున కొకమాఱు నగరమునకుఁ బోయివచ్చినచో నలువది టిక్కెట్టులు. రైలు టిక్కెట్టు స్వల్పమే, నిజము. కాని ఉదయపుసందడిలో ముసలివారిని, పసివారిని ఆ బండి యెక్కింపఁజాలక టాక్సీ పిలువవలసివచ్చును. కిరాయిలో మిగిలినది యందులోఁ గరఁగిపోవును. తాంబరమునుండి బీచి స్టేషనునకు రైలులోనే గంటకు దగ్గఱ. తాంబరమునకు నావలినుండి స్టేషనునకు బస్సు వేఱు. వ్యాపారికి దినమునకు మూఁడుగంటలు దారిలోనే పోయినచో, పని యొకదినము సాగి, తిరుగుప్రయాణము వెనుకబడును. ఇంక నచట మిగిలినవారి మాట. చెట్లనీడ, ప్రశాంతత మొదటిదినము హాయిగానే యుండును. అరవము రాని యిల్లాలికి నడచిపోఁదగిన దూరమున గుడి లేదు, అంగడి లేదు, పలుకరించువారు లేరు. రెండవదినమున నా ప్రశాంతతయే విసుగగును. కార్తికమాసపు వానలను గూడఁ దలఁపవలెను. 2015 డిసెంబరులో అడయారు పొంగినప్పుడు పడమటి తాంబరము, ముడిచ్చూరు, వేళచ్చేరి మునిఁగినవి, విమానాశ్రయమే మూసిరి.

పని శాఖానగరములోనే యున్నవారి సంగతి వేఱు. గిండిలోనో అంబత్తూరులోనో కర్మాగారములతో వ్యవహారము గలవాఁడును, పాత మహాబలిపురపు రహదారిమీఁది కంప్యూటరు కచేరీలకుఁ బోవు మన యువకుఁడును జార్జిటవునులో దిగి ప్రతిదినము నెదురీఁదుట తెలివికాదు. వారు పనియున్నచోటనే దిగుదురుగాక. అట్టివారు సత్రమునకై రారు కూడ; వారి కంపెనీలే బస చూపును.

మఱి మన కుటుంబముల కేది తగును? మొదలునకుఁ గొమ్మకు నడుమ, రైలుమార్గమునకు నడకదూరమునఁ, బేటలోనే గుడియు నంగడియుఁ గలచోటు. ఎగ్మూరునుండి మాంబళమువఱకు నట్టివి కలవు. త్యాగరాయనగరమునందే దిగినచో వేంకటనారాయణరోడ్డున తిరుమల తిరుపతి దేవస్థానమువారి యాలయము నడకలోనే యున్నది. బట్టలకొట్లు కాలి క్రిందనే యున్నవి, ఇల్లాండ్రకు దారి చూపనక్కఱలేదు. మాంబళములో బండియెక్కిన వ్యాపారి యఱగంటలో బీచి స్టేషనున దిగును. మధ్యాహ్నపు భోజనమునకుఁ దిరిగి రావచ్చును. 2015నుండి మెట్రోబండ్లును వచ్చినవి.

ఎగ్మూరు మాట వచ్చినది గనుక నొకటి చెప్పకుండ నుండలేము. ఉపాధ్యాయవృత్తి చేసినవారి చాపల్యమని క్షమింతురుగాక. అచటి ప్రభుత్వ మ్యూజియములో నమరావతి శిల్పము లున్నవి. మన కృష్ణాతీరమునఁ జెక్కిన సున్నపుఱాతిపలకలు! 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించినవి పెక్కు లండను చేరినవి. చెన్నపురిలో నిలిచినవానిని జూచుటకు సముద్రము దాఁటనక్కఱలేదు. ఇరువదిమార్లు చెన్నపురి పోయివచ్చి వీనిని జూడనివారిని మే మెఱుఁగుదుము. మైలాపురమున పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15వ తేదీని బ్రాణము విడిచిన చోట స్మారకభవనము కలదు. పిల్లలను సముద్రతీరమునకుఁ గొనిపోవువారు దారిలో నచట పది నిమిషములు నిలుపరాదా?

దినముల పొందిక మఱియొకటి. మ్యూజియమునకు శుక్రవారము సెలవు. మొత్తపువ్యాపారపుఁ గొట్లు పెక్కు ఆదివారము తెఱవరు. శుక్రవారము పని, శనివారము పని, ఆదివారము కుటుంబముతో విహారము, సోమవారము మిగిలిన పని యనుకొనినచో నేదినమును వ్యర్థము కాదు. శనివారము రాత్రి చేరి మఱునాఁడు మూసిన తలుపులు చూచి వచ్చువారు నేఁటికిని గలరు.

వ్యాపారము ముగిసి యింక రెండుదినములు మిగిలినవారికి మా సలహా వేఱు. వారు నగరములోని గదిని వదలి మహాబలిపురమునకే పోయి యచట బస చేయవలెను. నగరమునుండి యది దగ్గఱదగ్గఱ అఱువది కిలోమీటరులు. ఒక్కపగటిలోఁ బోయివచ్చువారికి మండుటెండలో రథములు, చీఁకటి పడునప్పుడు తిరుగుబండి తప్ప మఱేమియు దక్కదు. రాత్రి యచట నుండినవారికి సముద్రపుటొడ్డునున్న యాలయము సూర్యోదయమునఁ గానవచ్చును. ఒకేగదిని యాత్రాంతమువఱకుఁ బట్టుకొని యుండుట సామాను మోయుటకు బద్ధకించువారి యాచారము.

ఇంక సత్రము. ఇప్పుడు చూచిన రెండు స్థలములలో నేదియు వలదని మా మనవి. మాంబళము, ఎగ్మూరుల నడుమ, స్టేషనునుండి పదినిమిషముల నడకలో, చిన్నదైనను మూఁడవస్థలము వెదకవలెను. ఇరువది గదులకు బదులు పండ్రెండే వచ్చినను సరియే. క్రిందియంతస్తున నాలుగు గదులు వృద్ధుల కేర్పఱుపవలెను; అవి ఖాళీగా నున్నను యువకుల కీయరాదు. దిగినగంటనుండి యిరువదినాలుగు గంటలు లెక్కింపవలెను గాని, మధ్యాహ్నము పండ్రెండని నియమము పెట్టరాదు. పెట్టినచోఁ దెల్లవాఱి రైలు దిగిన పసిపిల్లలతల్లులు పెట్టెలపైఁ గూర్చుండవలసివచ్చును. ఖాళీచేసినవారి సామాను సాయంకాలమువఱకు దాఁచుట కొక గది యుండవలెను.

సాయంకాలసభలో నీ విషయమై తీర్మానము రానున్నది. తాంబరపు స్థలమునకు విరాళములు వాగ్దానము చేసిన పోషకులిచట ముందువరుసలోనే యున్నారు. వారి యౌదార్యమును మే మెఱుఁగుదుము. ఆ వాగ్దానమును స్థలమునకుఁ గాక సత్రమునకే చేసినట్లుగా నెంచి, మూఁడవస్థలము దొరకుటకై యొక్క సంవత్సరము గడువీయుఁడని వారిని బ్రార్థించుచున్నాము.