బడలికకు మూలము బావినీరు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)



శ్రీమద్భాగవతమునందలి కాళియుని మడుగు కథ ఎల్లరు నెఱిగినదే. దప్పిగొన్న ఆవులును గోపబాలురును ఆ నీరు త్రాగి ఒడ్డుననే ఒరిగిపోయిరి. అచ్చట దోషము నీటియందున్నదని చెప్పుటకు వైద్యుడు అక్కఱలేదు. త్రాగినవాడు ఆ గడియలోనే పడిపోవుచుండగా కారణమును వెదుకవలసిన పని యేమున్నది? కాని, త్రాగినవాడు ఆ దినమున బాగుగనే యుండి, ఇరువది ముప్పది యేండ్లకు గాని పడిపోనిచో? నీరు తేటగా నుండి, చెడువాసన యేమియు లేనిచో? అట్టి మడుగును కనిపెట్టుట కష్టము. నేటి ప్రసంగమునకు విషయము అట్టి నీరే. ఆ కథలో ఒక ముఖ్యభాగము ఈ కంభమునకు తూర్పుదిక్కునగల పొదిలి, దర్శి ప్రాంతములలో జరిగినది.

నలువది యేండ్ల రైతు నొకనిని తలంపుడు. తెల్లవాఱి లేచునప్పటికే ఒడలు బరువు. మడక పట్టి నాలుగు చాళ్ళు తిరుగునప్పటికి కాళ్ళు తడబడును. దాహము హెచ్చు, ఆకలి తక్కువ. నడుము నొప్పి, చేతులకు కాళ్ళకు తిమ్మిరి. రాత్రి యంతయు నిద్రించినను బడలిక తీఱదు. జ్వరము లేదు, పుండు లేదు, ఒకరికి చూపుటకు గాయమైనను లేదు. ఇంటివారు మొదట సోమరితన మందురు. పిదప దిష్టి యందురు. తుదకు గ్రహచార మందురు. నాటువైద్యుడు వాతమనును. పట్టణమునకు పోయినచో బలమునకు మందు వ్రాయుదురు. ఇట్లు పదియేండ్లు గడచును. సేద్యము చేతప్పును, పొలము కౌలుకు పోవును, అప్పు పెరుగును. వ్యాధికంటె ముందుగా అపనిందయే రోగిని క్రుంగదీయును. కావుననే ఇట్టి వ్యాధికి మందుకంటె ముందు కారణము తెలియవలెను.

వ్యాధిని ఎఱుగుటకు పూర్వవైద్యులు అయిదు సాధనములు చెప్పిరి. మాధవకరుని మాధవనిదానము వీనితోనే ఆరంభమగును. నిదానమనగా హేతువు. పూర్వరూపమనగా వ్యాధికి ముందు పొడసూపు గుఱుతు. రూపమనగా స్పష్టమైన లక్షణము. ఉపశయమనగా ఏ మార్పు చేసిన నెమ్మదించునో చూచుట. సంప్రాప్తి యనగా దోషము శరీరమున వ్యాపించు క్రమము. ఫ్లోరైడు వ్యాధి బయటపడిన చరిత్రను చూడగా ఈ యైదును ఒక్కరికి ఒక్కచోట దొరకలేదు. వేఱువేఱు దేశములందు, వేఱువేఱు జనుల చేతికి ఒక్కొక్కటి చిక్కెను.

ఈ సీమలో రూపమును ముందుగా చూపినవి ఎద్దులు. 1930వ దశకపు ఆరంభమున, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా మెట్టప్రాంతపు రైతులు తమ దుక్కిటెద్దులు నడువలేకపోవుటను గమనించిరి. కీళ్ళు బిగిసి, నొప్పిచే అవి అడుగు వేయలేకుండెను. హైదరాబాదు రాష్ట్రమునందును పశువులలో ఈ వ్యాధి ఆ కాలముననే గుర్తింపబడెను. ఎద్దును సోమరి యని నిందించి ఊరకుండుట రైతునకు చెల్లదు. దాని కాళ్ళపైననే అతని బ్రతుకున్నది. ఆలోచించి చూడగా మనుష్యుని తిండి వేఱు, ఎద్దు మేత వేఱు. ఇరువురికిని ఉమ్మడియైనది బావినీరు.

పూర్వరూపము దొరకినది అమెరికా దేశమున. కొలరాడో స్ప్రింగ్స్ అను పట్టణమునకు 1901లో ఫ్రెడరిక్ మెకే అను యువ దంతవైద్యుడు వచ్చెను. అచ్చట పుట్టి పెరిగినవారి పండ్లపై గోధుమవన్నె మరకలుండెను. ఎంత తోమినను అవి పోవు. పెద్దలై వచ్చి స్థిరపడినవారికి మాత్రము అవి లేవు. 1909లో జి. వి. బ్లాక్ అను ప్రసిద్ధ దంతవైద్యుడు అతనికి తోడయ్యెను. పన్ను తయారగుచున్న బాల్యముననే దోషము ప్రవేశించునని వారు నిశ్చయించిరి. అనగా దంతము చిన్ననాట త్రాగిన నీటికి శరీరము వ్రాసికొన్న చిట్టా. దీని నెఱిగినచో ఒక చిక్కు విడిపోవును. చెరువునీటి గ్రామమున పుట్టి, ఫ్లోరైడు గ్రామమునకు కోడలై వచ్చిన స్త్రీ పండ్లు తెల్లగనే యుండును. అయినను ఏండ్లు గడచిన పిమ్మట ఆమె నడుము నొచ్చును. ఆమె పండ్లను చూచి ఆమె నీటిని మంచిదనుట పొరపాటు.

ఉపశయమును తెలిపినది ఐడహో రాష్ట్రములోని ఓక్లీ యను చిన్న యూరు. దూరపు వేడినీటి ఊట నుండి గొట్టములద్వారా ఊరికి నీరు తెచ్చుకొన్న పిమ్మటనే బిడ్డల పండ్లకు మరకలు వచ్చెనని అచ్చటి తల్లులు 1923లో మెకేకు చెప్పిరి. ఆ నీటిని మాని సమీపమునగల వేఱొక ఊటను వాడుడని అతడు చెప్పెను. కొన్ని యేండ్లకు, క్రొత్తగా వచ్చు పండ్లు తెల్లగా రాజొచ్చెను. నీటిలోని పదార్థము పేరైనను తెలియకమునుపే, నీటిని మార్చి దోషమును పోగొట్టిరన్నమాట.

పేరు తెలిసినది 1931లో. అర్కన్సా రాష్ట్రములోని బాక్సైటు అను ఊరి పిల్లల పండ్ల మరకలకు తమ అల్యూమినియమే కారణమని అపవాదు వచ్చునేమోయని ఒక కంపెనీ భయపడెను. దాని రసాయనజ్ఞుడు హెచ్. వి. చర్చిల్ ఆ నీటిని సూక్ష్మముగా పరీక్షించగా ఫ్లోరైడు అధికముగా నున్నట్లు తేలెను. అదే సంవత్సరమున ఆరిజోనాలోను, ఉత్తర ఆఫ్రికాలోని మొరాకోలోను పరిశోధకులు వేఱుగా ఈ నిర్ణయమునకే వచ్చిరి. నిదానము దొరకెను.

ఇక సంప్రాప్తి. 1932లో డెన్మార్కు దేశపు కోపెన్‌హేగన్ నగరమున, ఫ్లోరైడుగల క్రయొలైటు అను ఖనిజమును పొడిచేయు కార్మికులకు ఎక్స్ కిరణములతో పరీక్ష జరిగెను. ధూళిచే ఊపిరితిత్తులు చెడినవేమోయని చూడబోవగా, ఎముకలు అసాధారణముగా చిక్కబడి కనబడెను. లోపలికి చేరిన ఫ్లోరైడులో కొంత మూత్రముద్వారా పోవును; మిగిలినది ఎముకలలో నిలువయగును. దినమున కది లెక్కకు రాదు, గాని ఖాతా మూయబడక యేండ్ల తరబడి పెరుగును. ఎముకలను కలుపు నరములవంటి బంధములు సైతము సున్నముపట్టి గట్టిపడును. వెన్ను వంగదు, మెడ తిరుగదు. తుదకు వెన్నులోని నాడులు నొక్కబడి కాళ్ళు చచ్చుబడవచ్చును. ఈ స్థితికి పూర్వము కలుగు నీరసము, నొప్పి, తిమ్మిరి మాత్రమే రోగికి తెలియును.

అయిదును కలిసినది 1937లో. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటు అధిపతి షార్ట్, మెక్రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అను నలుగురు వైద్యులు మద్రాసు రాజధానిలోని ఫ్లోరైడు వ్యాధినిగూర్చి భారత వైద్య పరిశోధన పత్రికలో వ్యాసము ప్రకటించిరి. నెల్లూరు జిల్లా రోగుల వంగని వెన్నులను, ఎక్స్ కిరణ చిత్రములను, వారు త్రాగు నీటిని ఒకచోట చేర్చి చూచిరి. వాతమనియు కర్మమనియు అన్నదానికి ఆనాడు పేరు వచ్చెను. అప్పటికి కంభము, మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇవియు, పొదిలి కనిగిరి ప్రాంతములును ఒక్క జిల్లాలో చేరెను. 1972లో దానికి ప్రకాశము పేరు వచ్చెను. కాగితముపై ఎల్లలు మాఱినను రాయి మాఱలేదు. పశ్చిమ ప్రకాశములో మార్కాపురము మొదలుకొని కనిగిరివఱకు పలు గ్రామములను ఈ దోషము పీడించినది.

దీనికి కారణము నేల. కొన్ని రాళ్ళలో ఫ్లోరైడుగల ఖనిజములుండును. వానలు తక్కువయై, నీరు చిరకాలము రాతి సందులలో నిలిచినప్పుడు అది నీటిలో కరగును. చేదబావులు ఇంకి, గొట్టపుబావులు లోతునకు పోయినకొలది పలుచోట్ల దోషము హెచ్చును. వాననీటితో నిండు చెరువునందు సామాన్యముగా ఫ్లోరైడు తక్కువ. గుండ్లకమ్మ నీటిని కొండల నడుమ నిలిపిన కంభము చెరువును విజయనగరరాజుల కాలమున వరదరాజమ్మ కట్టించెనని ప్రసిద్ధి. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తింపు వచ్చినది. వరికే గాక, ఎముకకును చెరువు మేలు చేయునని తెలిసినచో పూడిక తీయుటలో శ్రద్ధ హెచ్చును. కాని చెరువునీట క్రిములుండును. వడపోసి శుద్ధిచేయక త్రాగరాదు.

ఇచ్చట ఒక భ్రాంతిని తొలగింపవలెను. కాచినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది అది ఇంకను చిక్కబడును. పటిక, సున్నము, బ్లీచింగు పౌడరులతో దానిని తగ్గించు పద్ధతిని నాగపురములోని జాతీయ పరిశోధనాసంస్థ 1970వ దశకమున రూపొందించెను. ఈ వ్యాధికి నెలవైన నల్లగొండ పేరే దానికి పెట్టిరి. చింతపండు తినుటచే మూత్రముద్వారా ఎక్కువ ఫ్లోరైడు పోవునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2002లో ప్రకటించిరి. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి మేలుచేయును. అయినను ఇవన్నియు నీటిని మార్చుటకు సహాయములేగాని బదులు కావు. శ్రీశైలమునుండి కృష్ణాజలమును నల్లమల సొరంగములద్వారా తెచ్చు వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగెను. దాని ఉద్దేశములలో ఈ సీమకు త్రాగునీరును ఒకటి.

అంతమాత్రమున ప్రతి బడలికకును బావియే కారణమనరాదు. రక్తహీనత, మధుమేహము, క్షయ, థైరాయిడు గ్రంథి లోపము, మూత్రపిండముల జబ్బు—ఇవన్నియు ఇట్లే నీరసముతో మొదలుకావచ్చును. మూత్రపిండములు చెడినవానికి ఫ్లోరైడు బయటకు పోవుటయు తగ్గును. కావున రోగి రక్తమును, మూత్రమును, అవసరమైనచో ముంజేతి ఎక్స్ కిరణ చిత్రమును వైద్యుడు చూడవలెను. అదే సమయమున వైద్యుడు అడుగకున్నను రోగి తాను త్రాగు బావి యేదో చెప్పవలెను. వంగిన ఎముక మరల నిటారు కాదు. ఆరంభదశలో నీరు మార్చినవారికి బాధలు తగ్గును. ఆలస్యమునకు వెల ఇదే.

లీటరు నీటికి 1 మిల్లీగ్రాము లోపల ఫ్లోరైడుండుట మేలనియు, వేఱు నీరు దొరకనిచో 1.5 వఱకు ఓర్చవచ్చుననియు భారత ప్రమాణము. ఈ సంఖ్య కంటికి కనబడదు, నాలుకకు తెలియదు, పరీక్షాశాలలోనే తేలును. గ్రామీణ నీటిసరఫరా శాఖవారి పరీక్షాశాలకు సీసాలో నీరు పంపుట గొప్ప వ్యయము కాదు. ప్రతి గ్రామ గ్రంథాలయమునందును ఒక బావుల పట్టిక యుండవలెను. బావి యెక్కడ, లోతెంత, నీరు తీసిన తేది యేది, వేసవిలో ఫ్లోరైడెంత, వానలపిమ్మట నెంత—ఈ గళ్ళు చాలును. ప్రక్కన బడిపిల్లల పండ్లనుగూర్చి ఉపాధ్యాయుడు వ్రాయు గడి యొకటి. త్రాగుటకు తగిన బావికి ఒక గుఱుతు, కడుగుటకే తగినదానికి వేఱొక గుఱుతు.

భూమికి అడంగలున్నది, పన్నునకు చిట్టా యున్నది. త్రాగు నీటికి లెక్క లేకుండుట తగదు. ఆ పట్టికను చదివిన తల్లి ఏ బావికి బిందె తీసికొనిపోవలెనో తెలిసికొనును. నడుము పట్టుకొని కూర్చున్న రైతు సోమరి కాడని ఇంటివారును తెలిసికొందురు. ఇరువదియైదేండ్లు పుస్తకములను కాపాడిన గ్రంథాలయమునకు ఈ యొక్క పుస్తకము బరువు కాదు.

స్వస్తి.