బీపీ నార్మల్ అయింది కదా, మాత్ర ఎందుకు? గుండె కండ లోపల జరిగే కథ

 

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాన్న ఈకో రిపోర్ట్ నా చేతికొచ్చింది. అందులో ఒక లైను: మైల్డ్ ఎల్‌వీహెచ్. అంటే లెఫ్ట్ వెంట్రిక్యులర్ హైపర్‌ట్రోఫీ. ఒళ్ళంతటికీ రక్తాన్ని తోసే ఎడమ కింది గది ఉంది కదా, దాని గోడ మందమైందని అర్థం.

"నాన్నా, బీపీ మాత్ర వేసుకోవట్లేదా?" అని అడిగాను. "నార్మల్‌కి వచ్చింది కదరా, ఇంకెందుకు? ఆపేసి ఆర్నెల్లయింది" అన్నారు.

నొప్పి లేదు, ఆయాసం లేదు. మరి లోపల గోడ ఎందుకు మందమైంది? ఆ ప్రశ్న పట్టుకుని చదివిందే ఈ రోజు ఎపిసోడ్.

ముందు ఒక బేసిక్ విషయం. గుండె కండ కణాలు మనం పుట్టిన కొన్నాళ్ళకే విభజన దాదాపు ఆపేస్తాయి. 25 ఏళ్ళ వయసులో కూడా ఏడాదికి సుమారు 1 శాతం కణాలే కొత్తగా వస్తాయి. వయసు పెరిగేకొద్దీ అదీ తగ్గిపోతుంది. అంటే పని ఎక్కువైతే కొత్తవాళ్ళని తీసుకునే ఛాన్స్ గుండెకి లేదు. ఉన్నవాళ్ళే బలవాలి. మామూలుగా ఆ గోడ మందం 6 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటుంది. బీపీ ఎక్కువైతే ఒక్కో కణం లావెక్కి గోడ మందమవుతుంది. మొదట్లో ఇది సాయమే. గోడ మందమైతే ఒక్కో కణం మీద పడే భారం తగ్గుతుంది.

ఇక్కడ మీకు డౌట్ రావాలి. రోజూ పరిగెత్తే వాళ్ళ గుండె కూడా పెరుగుతుంది కదా? కరెక్ట్. గర్భిణుల్లో కూడా పెరుగుతుంది. కానీ ఆ దారి వేరు. వ్యాయామం చేసినప్పుడు ఐజీఎఫ్-1 అనే గ్రోత్ ఫ్యాక్టర్ నుంచి సిగ్నల్ వస్తుంది. అది పీఐ3కే, ఏకేటీ అనే ప్రొటీన్ల మీదుగా కణంలోకి వెళ్తుంది. కండతోపాటు సన్న రక్తనాళాలూ పెరుగుతాయి. ట్రైనింగ్ ఆపేస్తే గుండె చాలావరకు పాత సైజుకి వచ్చేస్తుంది.

బీపీ దారి అలా కాదు. దానికి రెస్ట్ డే లేదు. ఒత్తిడి ఎప్పుడూ ఉంటే యాంజియోటెన్సిన్-2 లాంటి రసాయనాలు కణం మీద ఉన్న రిసెప్టర్లని అదే పనిగా తడుతూ ఉంటాయి. దాంతో కణం లోపల క్యాల్షియం లెక్క తప్పుతుంది. ప్రతి బీట్‌కీ క్యాల్షియం పెరిగి తగ్గడం మామూలే. పెరిగింది పూర్తిగా తగ్గకుండా ఎక్కువసేపు ఉంటేనే కాల్సినూరిన్ అనే ఎంజైమ్ మేల్కొంటుంది.

ఎన్‌ఫ్యాట్ అనే ఇంకో ప్రొటీన్ ఉంది. ఇది ఫాస్ఫేట్ ట్యాగులు తగిలించుకుని న్యూక్లియస్ బయటే కూర్చుని ఉంటుంది. కాల్సినూరిన్ వచ్చి ఆ ట్యాగులు పీకేస్తుంది. వెంటనే ఎన్‌ఫ్యాట్ లోపలికి దూరి, అక్కడున్న గాటా-4తో కలిసి జీన్స్‌ని ఆన్ చేస్తుంది. వాటిలో కొన్ని మనం కడుపులో ఉన్నప్పుడు నడిచి, పుట్టాక మూసేసిన జీన్స్! ఎప్పుడో పక్కన పెట్టేసిన పాత కోడ్ మళ్ళీ రన్ అవుతోందన్నమాట. హార్ట్ ఫెయిల్యూర్ అనుమానం వస్తే బీఎన్‌పీ అనే బ్లడ్ టెస్ట్ రాస్తారు చూడండి, అది కొలిచేది ఈ బాపతు జీన్ తయారుచేసే హార్మోన్‌నే.

ఈ దారిని 1998లో అమెరికాలో జెఫరీ మోల్కెంటిన్, ఎరిక్ ఓల్సన్, వాళ్ళ టీమ్ బయటపెట్టారు. ఎలుకల గుండెలో కాల్సినూరిన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా చేశారు. బీపీ పెంచలేదు, ఇంకేమీ చేయలేదు. అయినా గుండెలు రెండు మూడు రెట్లు పెరిగి, చివరికి ఫెయిలయ్యాయి. కాల్సినూరిన్‌ని ఆపే సైక్లోస్పోరిన్ ఇస్తే ఆ పెరుగుదల ఆగింది.

మరి ఆ మందే మనకి ఇవ్వొచ్చు కదా? ఇవ్వలేరు. ఇమ్యూనిటీ కణాలు కూడా అదే కాల్సినూరిన్‌ని వాడతాయి. అందుకే సైక్లోస్పోరిన్‌ని కిడ్నీ మార్పిడి చేసుకున్నవాళ్ళకి, కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఇస్తారు. పైగా అది బీపీని పెంచుతుంది! ఏ రోగం తగ్గాలనుకున్నామో దాని మూలాన్నే పెంచే మందన్నమాట.

కాబట్టి స్విచ్ దగ్గర కాకుండా దానికి ముందే ఆపాలి. లోసార్టన్, టెల్మిసార్టన్ లాంటి మాత్రలు చేసేది అదే. యాంజియోటెన్సిన్ తట్టే తలుపుకి గడియ పెడతాయి. 2002లో వచ్చిన లైఫ్ అనే స్టడీలో బీపీతోపాటు ఎల్‌వీహెచ్ కూడా ఉన్న 9,000 మందికి పైగా పేషెంట్లని చూశారు. లోసార్టన్, అటెనొలాల్ రెండూ బీపీని దాదాపు ఒకేలా తగ్గించాయి. కానీ ఎల్‌వీహెచ్ లోసార్టన్‌తోనే ఎక్కువ తగ్గింది, పక్షవాతాలు కూడా తక్కువ వచ్చాయి. అలాగని మీరే మందు మార్చేయకండి. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరే చెప్పాలి.

నేను చెప్పేది ఒక్కటే. మందమైన గోడ కొంతవరకు వెనక్కి రాగలదు. కానీ ఏళ్ళ తరబడి వదిలేస్తే కణాల మధ్య మచ్చలాంటి గట్టి కణజాలం పేరుకుంటుంది. గుండె బిగుసుకుపోతుంది, సరిగ్గా నిండదు, లయ తప్పుతుంది. అప్పుడు ఆయాసం మొదలవుతుంది. అంటే మనకి తెలిసేసరికే చాలా ఆలస్యం.

నాన్నకి ఇదంతా చెప్పలేదు. "నాన్నా, నంబర్ నార్మల్ వచ్చింది మాత్ర వల్లే. గొడుగు కింద తడవట్లేదని గొడుగు మడిచేస్తామా?" అన్నాను. నవ్వారు. మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్ళాం, మళ్ళీ మొదలుపెట్టారు. వచ్చే నెల ఇంకో ఈకో ఉంది. ఏమొస్తుందో నాకూ తెలీదు.

ఈ రాత్రికి మీరూ ఇంటికి ఫోన్ చేయండి. "తిన్నారా?" అని అడుగుతాం కదా, దాంతోపాటు "బీపీ మాత్ర వేసుకున్నారా?" అని కూడా అడగండి. ఆపేసి ఉంటే తిట్టకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఈ వీడియో మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. మళ్ళీ కలుద్దాం. బై!