బరువు ఎక్కడ ఆనించాం?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు, ఆదివారం ఉదయం కృతజ్ఞతా కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

ఇతర మతాల మిత్రులు కూడా చాలామంది వచ్చారు. రోజూ ఉదయం అసెంబ్లీలో మాతో పాటు నిలబడి ప్రార్థన విన్నవాళ్ళే కాబట్టి ఈ మాటలు మీకు కొత్త కావు. ఒక్క పావుగంట ఓపిక పట్టండి, తర్వాత టిఫిన్లు ఉన్నాయి.

స్వశక్తిని నమ్ముకోకుండా దేవుని మీద ఆధారపడటం గురించి మాట్లాడమన్నారు. కమిటీవారు ఫోన్ చేసి చెప్పగానే నాకు ఒక చిక్కు కనబడింది. ఈ బడిలో మనకు నేర్పింది దీనికి సరిగ్గా ఎదురు మాట కదా! నీ కాళ్ళ మీద నువ్వు నిలబడు, ఎవరి మీదా ఆధారపడకు అనే మాట వినకుండా ఇక్కడ పదో తరగతి దాటినవాడు లేడు. పక్కవాడి నోటు పుస్తకంలోకి తొంగిచూస్తే లెక్కల మాస్టారు స్కేలుతో మెటికల మీద కొట్టేవారు. ఆదివారం గుడికి వెళితే పాస్టరు గారు నీ బలాన్ని నమ్ముకోవద్దు అనేవారు. సోమవారం ఒక మాట, ఆదివారం ఒక మాట. ఏది నిజం?

పౌలు రాసిన రెండవ కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం 8, 9 వచనాలు ఇంటికి వెళ్ళాక చదవండి. ఆసియలో తమకు వచ్చిన శ్రమ గురించి అక్కడ రాస్తాడు. ఆసియ అంటే ఎఫెసు పట్టణమున్న రోమా రాష్ట్రం, ఈనాటి టర్కీలోని పడమటి భాగం. మోయలేనంత బరువు పడిందట. బతుకుతామన్న ఆశ కూడా పోయిందట. తమను తాము కాక, చనిపోయినవారిని లేపే దేవుణ్ణి నమ్ముకోవాలని అలా జరిగిందంటాడు. ఈ మాట అన్నవాడు పని మానేసి కూర్చున్న మనిషి కాదు. డేరాలు కుట్టి పొట్ట పోసుకున్నవాడు, ఊరూరా తిరిగినవాడు. అందుకని దేవుని మీద ఆధారపడటం అంటే చేతులు ముడుచుకోవడమని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. నెహెమ్యా యెరూషలేము గోడ కట్టేటప్పుడు ప్రార్థన చేశాడు, కాపలా కూడా పెట్టాడు.

అయితే తేడా ఎక్కడుంది? దానికి దూరం పోనక్కర్లేదు. ఒంగోలులో ప్రార్థన కొండ మనలో చాలామంది ఎక్కిందే. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ కొండ మీద మోకరించినవాళ్ళు అయిదుగురు. మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, నరసు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. అప్పటికి నెల్లూరులో ఆ మిషను మొదలై పదమూడేళ్ళు దాటింది, ఫలితం మాత్రం పెద్దగా లేదు. దీన్ని మూసేద్దామా అని అమెరికాలో అంతకు ముందు ఏడాదే చర్చించారు. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని ఆ అయిదుగురూ అడిగారు. మనిషి వచ్చి ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు! మనం ప్రార్థన చేసి పన్నెండు రోజులు ఆగలేం.

ఆ వచ్చిన మనిషి జాన్ క్లౌ దొర. మొదట్లో ఆయన దగ్గరికి పై కులాలవారు ఆసక్తిగా వచ్చేవారు. తర్వాత మాదిగలు రావడం మొదలైంది. వీళ్ళను చేర్చుకుంటే మేం రాము అన్నారు పెద్ద కులాలవారు. ఊళ్ళో పలుకుబడి కావాలంటే ఎవరిని నిలుపుకోవాలో లోకజ్ఞానం ఉన్న ఎవరైనా చెబుతారు. ఆ సమయంలో భార్యాభర్తలిద్దరూ వేరువేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కనబడింది ఒకే చోటట, మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం. దేవుడు బలహీనులను ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. వాళ్ళు మాదిగల వైపు నిలిచారు.

నాకు ముఖ్యమనిపించేది దాని తర్వాతి కథ. 1876లో ధాత కరువు వచ్చింది, 1878 దాకా పీడించింది. క్లౌ సర్వే పని తెలిసినవాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు ప్రభుత్వం దగ్గర తీసుకుని కరువు జనానికి పని చూపించాడు. నేను నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్ళు చేశాను కాబట్టి చెబుతున్నాను. మట్టి పని అంటే కొలత. ఎంత తవ్వితే అంత కూలి. ఆకలితో నడవలేని జనంతో ఆ పని చేయించి, కొలిచి, కూలి చెల్లించడం మాటలు కాదు. అందులో ఆయన తెలివీ ఉంది, ఒళ్ళు వంచిన కష్టమూ ఉంది. ప్రార్థన ఉంది కదా, కొలత టేపు ఎందుకులే అనుకోలేదు.

కానీ ఒక పని ఆపేశాడు. కరువు పని సాగినంత కాలం, సుమారు పదిహేను నెలల పాటు, ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగేవాళ్ళు లేక కాదు, వేలమంది అడిగారు. తన చేతిలోని కూలి డబ్బు కోసం, గింజల కోసం ఎవరూ రాకూడదని తలుపు మూశాడు. ఒక్కసారి ఆలోచించండి. పదేళ్ళుగా ఆయన కష్టపడుతున్నది దేనికోసమో అది చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంది. తన శక్తితో, తన డబ్బుతో సాధించేయవచ్చు. లెక్క అమెరికాకు రాసి పంపవచ్చు. ఆయన చెయ్యి చాపలేదు. స్వశక్తిని నమ్ముకోకపోవడం అంటే నాకు అర్థమైంది ఇదే. శక్తి లేనప్పుడు దేవుణ్ణి పిలవడం ఎవరైనా చేస్తారు. చేతిలో శక్తి ఉండి, దాని మీద బరువు ఆనించకుండా ఉండటం కష్టం.

1878లో ఇక సహాయం లేదు, డబ్బు లేదని చెప్పేశాడు. అయినా జనం పోలేదు. చేతుల బొబ్బలు చూపించి, పని చేసుకుని బతుకుతాం, మాకు గింజలు వద్దన్నారు. ఒంగోలుకు పది మైళ్ళ దూరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో జూలై 2న 614 మంది, 3న 2222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో నిలబడి ఇచ్చినవాళ్ళు తెలుగు బోధకులే. దొర ఏటిలోకి దిగలేదు.

ఇలాంటి కథలకు ఒక ఇబ్బంది ఉంది. చివర్లో పెద్ద అంకె వస్తుంది. నమ్ముకుంటే 2222 వస్తుందన్నమాట అనుకుంటాం. అందుకే నా సంగతి కూడా కొంచెం చెబుతాను, ఇందులో అంకె లేదు.

మూడేళ్ళ క్రితం నా భార్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నేను ఇంజనీరును కదా, గోడ మీద చార్టు అంటించాను. ఉదయం ఇన్నిసార్లు, సాయంత్రం ఇన్నిసార్లు అని ఫిజియోథెరపీవారు చెప్పినవన్నీ ఒక్క పూట తప్పకుండా చేయించాను. కాలు వచ్చింది, కర్రతో నడుస్తుంది. చెయ్యి రాలేదు. సంఘమంతా ప్రార్థన చేసింది, అయినా రాలేదు. ఒక రాత్రి చార్టు నింపుతుంటే ఆమె అంది, "మీరు నన్ను బాగు చెయ్యక్కర్లేదండీ, ఆయన చూసుకుంటాడు. మీరు నా పక్కన కూర్చోండి చాలు" అని. చార్టు ఇప్పటికీ గోడ మీదే ఉంది, వ్యాయామం ఇప్పటికీ చేయిస్తున్నాను. కానీ ఆ చెయ్యి కదలడం మీద మా ఇంటి సంతోషం ఆనుకుని లేదు. ఆమె ఇక్కడే మూడో వరుసలో కూర్చుంది. ఎడమ చేత్తో కలిపిన మజ్జిగ పులుసు బాగానే ఉంటుంది, ఎప్పుడైనా ఇంటికి రండి.

మా గురువుల ముందు ఇంకెక్కువ మాట్లాడితే బాగుండదు. ఈ సంగతి అందరికంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు. పాఠం చెప్పడం వాళ్ళ చేతిలో ఉంది, పిల్లవాడి తలకెక్కడం లేదు. చెప్పినంత చెప్పి, పదో తరగతి అయ్యాక చేతులు దులుపుకుని మమ్మల్ని వదిలేశారు. ఎవరు ఏమయ్యారో కొందరి సంగతి నిన్ననే తెలిసింది వాళ్ళకు. సోమవారం మాట, ఆదివారం మాట వాళ్ళ బతుకుల్లో ఎప్పుడో కలిసిపోయాయి.

ఒక్క విన్నపం చేసి ముగిస్తాను. ఈ సాయంత్రం సర్వసభ్య సమావేశంలో హాస్టల్ పిల్లల సహాయ నిధి విషయం వస్తుంది. దరఖాస్తు ఫారం ముసాయిదా నాకూ పంపారు. లెక్కలు గట్టిగా ఉన్నాయి, ఆడిట్ ఏర్పాటు బాగుంది. పిల్లవాడు ఏ సంఘానికి వెళ్తాడు, ఆదివారం హాజరు ఎంత అనే గడులు అందులో ఉన్నాయి. ఉద్దేశం మంచిదేనని నాకు తెలుసు. ఆ గడులు తీసేయాలని నేను సభలో ప్రతిపాదిస్తాను. పేదరికం చూసి, చదువు చూసి ఇద్దాం. మిగిలిన పని మన నిధిది కాదు. గుండ్లకమ్మ ఒడ్డున ఆగిన మనిషి పదిహేను నెలలు ఆగాడు, మనం ఒక ఫారంలో రెండు గడులు వదులుకోలేమా? ప్రతిపాదనను బలపరిచేవారు సాయంత్రం నాలుగింటికల్లా హాలుకు రండి. ఇప్పుడు పాస్టరమ్మ గారు ప్రార్థన చేస్తారు, అందరం లేచి నిలబడదాం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూర్చునే ఉండండి.