విద్యానిధి హుండీ ఎందుకు ఎండిపోతుంది?

(వార్షికోత్సవ సభలో విద్యానిధి కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నిధి జమాఖర్చులు సంచికలో వేశాం, ఇక్కడ చదవం. మేము చెప్పదలిచింది వేరే లెక్క. స్విట్జర్లాండులోని జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రానికి కూడా ప్రయోగాలు చేస్తారు. సీసాలు, గొట్టాలు ఉండవు, కంప్యూటర్లు ఉంటాయి. వచ్చినవాళ్లు ఆటలో గెలిచింది నిజం డబ్బుగా చేతికిస్తారు. ఊరికే అడిగితే అందరం ధర్మరాజులమే గదా! సొంత డబ్బు పోతుందంటేనే మనిషి తెలిసేది.

ఎర్న్‌స్ట్ ఫెర్, సైమన్ గెక్టర్ అనే ఇద్దరు 2000లో ప్రకటించిన ప్రయోగం ఇది. నలుగురు ఒక జట్టు. తలా 20 బిళ్లలు ఇస్తారు. దాచుకోవచ్చు, లేదా ఉమ్మడి హుండీలో వేయవచ్చు. హుండీలో పడిన ప్రతి బిళ్లకూ నలుగురికీ తలా 0.4 బిళ్ల వస్తుంది. అందరూ మొత్తం వేస్తే తలా 32. ముగ్గురు వేసి ఒకరు వేయకుంటే ఆ ముగ్గురికి 24, వేయనివారికి 44!

మొదట్లో జనం బాగానే వేస్తారు. పది ఆటలు తిరిగేసరికి హుండీ చాలావరకు ఖాళీ. ఎందుకు? వీళ్లే ఉర్స్ ఫిష్‌బాకర్‌తో కలిసి 2001లో మరో ప్రయోగం చూపించారు. సుమారు సగం మంది ‘అవతలివాళ్లు వేస్తే మేమూ వేస్తాం’ అనే రకం. ఎవరు వేసినా తాము వేయనివారు మూడోవంతు దాకా ఉన్నారు. వాళ్లను చూసి మొదటివాళ్లు చెయ్యి వెనక్కి తీసుకుంటారు.

మన నిధి సంగతీ ఇంతే అని మా అభిప్రాయం. నూలు ధర పెరిగి మగ్గం ఆగిన ఇల్లు ఇవ్వలేకపోతే అది వేరు, ఆ ఇంటి పిల్లల చదువు కోసమే ఈ నిధి. కానీ ఇవ్వగలిగినవారు కూడా ‘ఫలానావాళ్లు ఇచ్చిండ్రా?’ అని మమ్మల్ని అడుగుతున్నారు. వీధిలో పడుగు చాపి గంజి పెట్టే రోజుల్లో ఈ ప్రశ్న లేదు. ఎవరు చెయ్యి వేశారో అందరి కళ్లకూ కనబడేది.

అదే ఆటలో ఇంకో నియమం పెట్టారు. తన బిళ్లలు కొన్ని పోగొట్టుకుని, వేయనివాడి లాభం కోయవచ్చు. హుండీ మళ్లీ నిండింది. మనవాళ్లకు ఇది నేర్పక్కర్లేదు, పెండ్లికి పోకుండానే చూపిస్తారు! అయితే 2008లో వచ్చిన పరిశోధనలో 16 నగరాల్లో ఇదే ఆడిస్తే, ఏథెన్స్, మస్కట్ లాంటి చోట్ల ఎక్కువ వేసినవారినే ఎదురు శిక్షించారు. ‘పేరు కోసం ఇచ్చిండు’ అని మన దగ్గర అనేమాట గుర్తొచ్చిందా? ఇక కుల బహిష్కారం మాట ఎవరూ ఎత్తవద్దు. మహారాష్ట్రలో 2016 చట్టం ప్రకారం అది నేరం, చట్టం లేకున్నా తప్పే.

అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన ఎలినార్ ఆస్ట్రమ్, 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న మొదటి మహిళ, సహచరులతో ఇలాంటి ప్రయోగాలే చేశారు. మాట్లాడుకోనివ్వకుండా జరిమానా ఒక్కటే పెడితే వచ్చిన లాభం జరిమానాలకే పోయింది. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని, నియమం తామే ఎంచుకున్న జట్లు అన్నిటికన్నా బాగుపడ్డాయి.

అందుకే కమిటీ నియమం రాసి తేలేదు. ఇచ్చిన ఇళ్ల పేర్లు, ఎంత ఇచ్చారో రాయకుండా, మూడు నెలలకోసారి ఊరివారీగా అచ్చువేస్తే ఎలా ఉంటుందన్నది మా ప్రశ్న. మగ్గం ఆగిన ఇళ్లను ఆ ఊరి పెద్దలే గుట్టుగా మినహాయించాలి. ఇవ్వగలిగీ ఇవ్వనివారిని ఏం చేయాలో మీరు చెప్పండి, ఆడవాళ్లు ముందు చెప్పండి. భోజనాలయ్యాక ఇదే హాల్లో కూర్చుందాం. సేలం వాళ్లకు సాయంత్రం రైలుంది, మూడింటికే మొదలుపెడదాం.